బ్లాక్ పౌడర్ రివాల్వర్ ఇంటి మరమ్మతు: పని చీల దగ్గర మొదలుపెట్టండి, ట్రిగ్గర్ దగ్గర కాదు

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెప్పుకుంటాను. మీకు పాలకొల్లులో లేతు షాపు ఉంది. టెక్సాస్‌లో ఉంటున్న మీ బావమరిది గారు ఇటలీలో తయారైన 1860 కోల్ట్ ఆర్మీ నమూనా రివాల్వర్ ఒకటి కొన్నారు. అది 44 కాలిబర్‌ది, నల్లమందు (బ్లాక్ పౌడర్) పోసి, దానికి నిప్పు అందించే చిన్న టోపీ లాంటి క్యాపు పెట్టి పేల్చేది. రెండు మూడు గుండ్లు పేలేసరికి పేలిన క్యాపు ముక్కలు లోపల పడి హ్యామర్ బిగుసుకుపోతోంది. ఈ మధ్య హ్యామర్ వెనక్కి లాగినా ఒక్కొక్కసారి సిలిండర్ తిరగడం లేదు. బారెల్‌ను పట్టి ఉంచే అడ్డ చీలను లోపలికి కొడితే సిలిండర్ పట్టేస్తోంది, వదులు చేస్తే బారెల్ ఊగుతోంది. వీటికి తోడు ట్రిగ్గర్ బరువుగా ఉందని ఆయన బాధ. సంక్రాంతి వెళ్ళాక మీరు అక్కడికి వెళ్తున్నారు. ట్రిగ్గర్, హ్యామర్ ముక్కులను ఆకురాయితో కొంచెం సవరిస్తే సరిపోతుందా, లేక ఎవరైనా వచ్చేవారి చేత ఆ భాగాలను పాలకొల్లు తెప్పించుకుని తాపీగా చేయవచ్చా అన్నది మీరు అడిగిన మాట.

రెండో సంగతికి సమాధానం సూటిగా చెబుతాను: తెప్పించకండి. మన ఆయుధాల చట్టం, 1959లో తుపాకి అంటే పూర్తి తుపాకి మాత్రమే కాదు, దాని విడిభాగాలు కూడా. దిగుమతికి లైసెన్సు కావాలి, మరమ్మతు చేయడానికి కూడా వేరే లైసెన్సు కావాలి. అది పాత కాలపు నమూనా అనీ, తూటా వేసేది కాదనీ మీరు ఎంత చెప్పినా పేల్చడానికి పనికివచ్చే వస్తువుకు ఆ వాదన నిలవదు. అమెరికాలో సంగతి వేరు. అక్కడి 1968 నాటి ఫెడరల్ చట్టం 1898లోనూ అంతకుముందూ తయారైనవాటినీ, తూటాలు వాడని వాటి నకళ్ళనూ మామూలు తుపాకుల లెక్కలో చేర్చదు. అయితే రాష్ట్రాల చట్టాలు ఒకేలా ఉండవు కాబట్టి మీ బావమరిది గారి చేత అక్కడి నిబంధన ముందే కనుక్కోమని చెప్పండి. పని అంతా అక్కడే, ఆయన ఇంట్లోనే, ఆయన ఎదుటనే జరగాలి. లేతు లేదని దిగులు పడనక్కర్లేదు, ఈ పనిలో లేతుతో అవసరం దాదాపు లేదు.

నేను తణుకు ప్రాంతం వాణ్ణి. ఉద్యోగమంతా టూల్ రూములో ఫిట్టర్‌గా చేసి, తరువాత ఒహాయోలో మా అబ్బాయి దగ్గర ఉన్న కాలంలో ఈ పాత నమూనాల పని పట్టుకున్నాను. మనలాంటి చేతిపని వాళ్ళకు ఇందులో ఒక చిక్కు ఉంది. ఆకురాయి చేతిలో ఉన్నవాడికి ప్రతి లోపమూ అరగదీయవలసిన లోపంగానే కనిపిస్తుంది. మీరు చెప్పిన నాలుగు లోపాల్లో మూడింటికి అసలు ఆకురాయి అక్కర్లేదు; నాలుగోదానికి అవసరమైనా మీరు అనుకున్న చోట కాదు.

విప్పే ముందు ఒక మాట. క్యాపులన్నీ తీసేసి, సిలిండర్‌లో మందూ గుండూ నింపే ఆరు గదుల్లోనూ ఒక సన్నని కర్ర దింపి, ఏ గదిలోనూ మందూ గుండూ లేవని తేల్చుకోండి. కర్ర ఆరు గదుల్లోనూ ఒకే లోతుకు దిగాలి. మందు డబ్బా, క్యాపుల డబ్బా మీరు పనిచేసే గదిలో ఉండకూడదు. స్క్రూడ్రైవర్ అంచు స్క్రూ గాడిలో పూర్తిగా నిండేలా ఉండాలి. ఇటలీ నమూనాల స్క్రూలు మెత్తనివి, మన షాపుల్లో దొరికే కొస సన్నబడిన స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల గాడి చెడిపోతుంది. చీలను ఇత్తడి కడ్డీ ఆనించి కొట్టాలి.

ఇప్పుడు చీల సంగతి. దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. ఈ కోల్ట్ నమూనాలకు సిలిండర్ మీదుగా వెళ్ళే పైపట్టీ లేదు. ఫ్రేములో బిగించిన ఇరుసు సిలిండర్ మధ్యగా ముందుకు వచ్చి బారెల్ కింది దిమ్మలోని రంధ్రంలోకి వెళ్తుంది, అడ్డంగా దిగిన చీల బారెల్‌ను వెనక్కి లాగి పట్టి ఉంచుతుంది. అసలైన పాత కోల్ట్‌లలో ఇరుసు కొస ఆ రంధ్రం అడుగుకు ఆనుకుని ఉండేది. అందువల్ల చీల ఎంత బిగించినా బారెల్ ఒక స్థానంలోనే నిలిచేది. నేటి నకళ్ళలో కొన్నింటికి ఇరుసు ఆ అడుగును అందుకోదు. అప్పుడు చీల బిగించినకొద్దీ బారెల్ వెనక్కి జరుగుతుంది, కింద దిమ్మ ఫ్రేముకు ఆనిన చోట ఇరుక్కుని పైభాగం సిలిండర్ వైపు వాలుతుంది, మధ్యనున్న సందు పైన మూసుకుపోతుంది. మీ బావమరిది గారి సిలిండర్ పట్టేయడానికి కారణం ఇదే అయి ఉండాలి.

పరీక్ష తేలిక. చీల, బారెల్, సిలిండర్ తీసేయండి. బారెల్‌ను పక్కకు పావు చుట్టు తిప్పి, దిమ్మ ఫ్రేముకు తగలకుండా పక్కనుంచి పోయేలా ఇరుసు మీదకు చివరిదాకా తోయండి. ఇరుసు కొస రంధ్రం అడుగుకు తగిలి ఆగినప్పుడు దిమ్మ వెనక అంచు ఫ్రేము ముఖంతో సరిగ్గా కలిసి ఉంటే ఇరుసు సరైన పొడవే. అంచు ఆ ముఖాన్ని దాటి వెనక్కి పోయిందంటే, ఎంత దాటిందో అంత పొట్టి. దాన్ని కొలవడానికి మీకు నేను చెప్పవలసింది లేదు.

దీనికి కొందరు ఇరుసు కొసకు రంధ్రం వేసి మర కోసి అందులో గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) బిగిస్తారు. అది సవరించుకోవడానికి వీలుగా ఉంటుందన్నది నిజమే. కానీ గట్టి ఇరుసును ఇంట్లో చేతి డ్రిల్లుతో సరిగ్గా మధ్యన తొలవడం కష్టం, తప్పితే తిరిగి రాదు. నేను రంధ్రం అడుగున ఒక ఉక్కు బిళ్ళ వేయడానికే ఇష్టపడతాను. మొదట పలచని వాషర్లు ఒకదాని మీద ఒకటి వేసి ఎంత మందం కావాలో తేల్చుకుని, తరువాత ఆ మందం కంటే రెండు మూడు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువగా ఒకే బిళ్ళ చేసి, సరిపోయేదాకా ఆ బిళ్ళనే ఎమరీ కాగితం మీద అరగదీయాలి. రివాల్వర్ నుంచి ఒక్క పొడి కూడా రాలదు, నచ్చకపోతే బిళ్ళ తీసి పారేస్తే యథాస్థితి. చీల పూర్తిగా బిగించాక ఫీలర్ గేజితో బారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు చూడండి. నాలుగు నుంచి ఎనిమిది థౌల దాకా, అంటే 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచిది. పైనా కిందా ఒకే కొలత రావాలి. చీల తీసి మళ్ళీ బిగించినా అదే కొలత రావాలి. ఇది కుదిరేదాకా తక్కిన ఏ లోపాన్నీ ముట్టుకోకండి. బారెల్ వాలి సిలిండర్‌ను నొక్కుతూ ఉంటే తిరగడంలో తేడా ఎక్కడిదో, బరువు ఎక్కడిదో తెలియదు.

రెండోది క్యాపు ముక్కలు. ఇది 1860 నాటి అసలు కోల్ట్‌లకూ ఉన్న జబ్బే. 1873 దాకా దాదాపు రెండు లక్షల ఆర్మీ రివాల్వర్లు తయారైనా ఈ బాధ పూర్తిగా పోలేదు. హ్యామర్ లాగేటప్పుడు గొట్టం ఆకాశంవైపు ఎత్తి, పేలిన క్యాపు వెనక్కి రాలిపోయేలా చేయడం ఆ కాలం వారి అలవాటు. మీ బావమరిది గారు కూడా అలాగే ఎత్తుతున్నారా అని కనుక్కోండి, ఈ సంగతి మళ్ళీ అవసరపడుతుంది.

మందు పేలినప్పుడు వాయువు గుండును ముందుకు తోసినట్టే, క్యాపును తొడిగే నిపుల్ మధ్యనున్న సన్నని రంధ్రం గుండా వెనక్కి కూడా కొడుతుంది. దాన్ని అడ్డుకునేది హ్యామర్ బరువూ, ప్రధాన స్ప్రింగు బలమూ మాత్రమే. రంధ్రం పెద్దదైతే, లేదా స్ప్రింగు నీరసించి ఉంటే హ్యామర్ క్షణకాలం పైకి లేస్తుంది, క్యాపు చీలి ముక్కలవుతుంది, ఆ ముక్క హ్యామర్ వెంట వెనక్కి వచ్చి దాని గాడిలోకి జారుతుంది. కాబట్టి చూడవలసింది నిపుళ్ళను. మంచి నిపుల్ రంధ్రం 0.7 మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. మీ సన్నని డ్రిల్ బిట్ల కాడలు ఒక్కొక్కటిగా దింపి చూస్తే తెలిసిపోతుంది. ఒక మిల్లీమీటరు కాడ వదులుగా దిగితే ఆ ఆరూ తీసేసి కొత్తవి వేయించండి. ఉబెర్టి, పియెట్టా అనే ఇటలీ కంపెనీల నమూనాలకు 6 మిల్లీమీటర్ల మర, 0.75 పిచ్ ఉంటుంది. అయినా కొనేటప్పుడు తయారీదారు పేరు చెప్పే కొనాలి. బిగించేముందు మరకు కొంచెం యాంటీ సీజ్ రాయండి, లేకపోతే వచ్చే ఏడు అవి రావు.

నిపుల్ కొస కూడా చూడండి. క్యాపు లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కే అలవాటు ఎవరికైనా ఉంటే కొస పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది, క్యాపు పూర్తిగా దిగదు. హ్యామర్‌ను దించి మధ్యలో పలచని కాగితం ముక్క పెడితే అది బయటికి జారి రావాలి, అంతకంటే సందు ఎక్కువ ఉండకూడదు. తరువాత క్యాపు సంఖ్య: 10, 11 అని రెండు కొలతలు దొరుకుతాయి. ఏది నిపుల్ మీద వదులు లేకుండా, అడుగుదాకా దిగి నిలుస్తుందో అదే మీ కొలత. వదులు క్యాపును వేళ్ళతో నొక్కి పెట్టడం చాలామంది చేసేదే అయినా నేను ఒప్పుకోను. వదులు క్యాపు వల్ల పక్క గది మందుకు కూడా నిప్పు అందే ప్రమాదం ఉందని తెలిసినవారు చెబుతారు.

నిపుళ్ళు మార్చాక కూడా ముక్కలు పడుతూ ఉంటే, అప్పుడు హ్యామర్ దారిలో ఫ్రేముకు ఒక చిన్న మొలక బిగించే పద్ధతి ఉంది. హ్యామర్ వెనక్కి వెళ్ళేటప్పుడు క్యాపు ముక్క దాని వెంట రాకుండా ఆ మొలక ఆపుతుంది. దానికి ఫ్రేమును తొలవాలి కాబట్టి నేను చివరికి వదిలిపెట్టాను. చాలాసార్లు అంతదాకా పోనక్కర్లేదు.

ఇక సిలిండర్ తిరగకపోవడం. హ్యామర్‌కు అతికి ఉండే చేయి అనే సన్నని మీట పైకి లేచి సిలిండర్ వెనక పళ్ళను తోస్తుంది. ఆ చేయి పళ్ళ వైపు వంగి ఉండేలా దాని వెనక ఒక పలచని స్ప్రింగు ఉంటుంది. ఈ నకళ్ళలో ముందుగా విరిగేది అదే. పరీక్షకు వస్తువు విప్పనక్కర్లేదు. ఖాళీ రివాల్వర్ గొట్టాన్ని కిందికి పెట్టి హ్యామర్ లాగండి, తరువాత పైకి పెట్టి లాగండి. కిందికి ఉన్నప్పుడు తిరిగి, పైకి ఉన్నప్పుడు తిరగకపోతే స్ప్రింగు విరిగిందన్నమాట. చేయి తన బరువుతో ముందుకు వాలినప్పుడు పళ్ళను పట్టుకుంటోంది, వెనక్కి వాలినప్పుడు వదిలేస్తోంది. క్యాపు రాలాలని గొట్టం పైకెత్తి లాగేవారికి ఈ లోపం ఒక్కొక్కసారే కనిపించడానికి కారణం ఇదే.

కొత్త చేయి, స్ప్రింగుతో సహా, అమెరికాలో సులభంగా దొరుకుతుంది, అది వేయడమే సరైన దారి. పాత చేయికే కొత్త స్ప్రింగు వేయాలనుకుంటే అక్కడి వారికి ఒక నాటు వైద్యం ఉంది: ఆడవారు తలలో పెట్టుకునే నల్ల పిన్ను ముక్కను పాత గాడిలో దింపి అంచులు కొట్టి బిగిస్తారు. వినడానికి నవ్వుగా ఉన్నా అది మంచి స్ప్రింగు ఉక్కు, బాగానే నిలుస్తుంది. మొదటిది ఎందుకు విరిగిందో చూడకుండా రెండోది వేస్తే మాత్రం అదీ విరుగుతుంది. ఫ్రేములో ఆ స్ప్రింగు రాసుకుంటూ పోయే గాడిలో మిల్లింగు గీతలు అలాగే వదిలేసి ఉంటారు. ఒక సన్నని పుల్లకు 600 నంబరు కాగితం చుట్టి, స్ప్రింగు కదిలే దిక్కునే, గీతలు పోయేదాకా మాత్రమే రుద్దండి.

చేయి మార్చారు కనుక టైమింగు చూడాలి. పంపుసెట్టు ఇంజనుకు వాల్వులు కట్టినవారికి ఇది కొత్త విద్య కాదు, అక్కడ క్యామ్ చేసే పనే ఇక్కడ హ్యామర్ అడుగు చేస్తుంది. హ్యామర్ కదలగానే ముందు, సిలిండర్‌ను తిరగకుండా పట్టి ఉంచే కింది గడియ సిలిండర్ గాడిలోంచి దిగాలి. ఆ తరువాతే చేయి సిలిండర్‌ను తోయడం మొదలుకావాలి. తరువాతి గాడి దగ్గర పడుతుండగా, దాని ముందున్న వాలులో గడియ మళ్ళీ లేవాలి. గడియ గాడిలో పడడమూ, హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్ళి నిలిచే మెట్టు అందుకోవడమూ ఒకేసారి జరగాలి. ఆరు గదులకూ విడివిడిగా, చాలా నెమ్మదిగా లాగి చూడండి. సిలిండర్ చుట్టూ గీత పడుతూ ఉంటే గడియ ముందే లేస్తోంది. గడియ పడిపోయినా హ్యామర్ మెట్టు అందక బిగుసుకుంటే కొత్త చేయి పొడవుగా ఉంది. ఈ ఒక్కచోట ఆకురాయి పనికివస్తుంది: చేయి కొసను ఒక్కో రుద్దుకు ఒకసారి అమర్చి చూస్తూ తగ్గించాలి. తలుపు గడియ లాంటి ఆ కింది గడియ జోలికి పోవద్దు. హ్యామర్ మెట్టు అందినా గడియ పడకపోతే చేయి పొట్టిది, దాన్ని కొట్టి సాగదీసే పద్ధతి ఉన్నా నేను చెప్పను, ఇంకో చేయి వేయండి. గది బారెల్‌తో కలవకముందే పేలితే సీసం చిమ్ముతుంది, పక్కన నిలబడ్డవారి కళ్ళకే ప్రమాదం.

ట్రిగ్గర్ బరువు గురించి మీరు అడిగిన ఆకురాయి పని ఒక్కటీ చేయకూడనిది. ఈ హ్యామర్లు, ట్రిగ్గర్లు లోపల మెత్తని ఉక్కు. పైన కేస్ హార్డెనింగు చేసిన పలచని గట్టి పొర మాత్రమే ఉంటుంది. మెట్టును గానీ ట్రిగ్గర్ ముక్కును గానీ రుద్దితే మొదటిరోజు వెన్నలా ఉంటుంది. పొర పోయాక మెత్తని భాగం అరిగి, కొంతకాలానికి హ్యామర్ మెట్టు మీద నిలవదు. కోణం ఒక్క డిగ్రీ మారినా, చేతిలోంచి జారినప్పుడు తనంత తాను పడిపోతుంది. బరువు చాలావరకు వచ్చేది ముక్కునుంచి కాదు. ట్రిగ్గర్‌నూ గడియనూ కలిపి నెట్టే రెండు కాళ్ళ పలక స్ప్రింగు ఫ్యాక్టరీలో అవసరానికి మించి మందంగా వస్తుంది. దాని బదులు తీగ స్ప్రింగు వేస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది, పలక స్ప్రింగులా విరగదు కూడా. పాతదే ఉంచాలంటే ట్రిగ్గర్ వైపు కాలి అంచులను పొడవునా కొద్దిగా తగ్గించి, పొడవునే పాలిష్ పెట్టాలి. అడ్డంగా పడిన ప్రతి గీతా రేపు విరిగే చోటే. స్ప్రింగును గ్రైండరుకు ఆనించకండి, వేడెక్కితే పదును పోతుంది.

ప్రధాన స్ప్రింగును మాత్రం తేలిక చేయకండి. హ్యామర్ లాగడం హాయిగా ఉంటుందని చాలామంది దాన్ని పలచబరుస్తారు. వెనక్కి కొట్టే వాయువును ఆపేది అదేనని పైన చెప్పాను. అది నీరసిస్తే క్యాపు ముక్కల బాధ తిరిగి వస్తుంది.

మీకు లేతు ఉంది కాబట్టి మరో కోరిక పుట్టవచ్చు. సీసపు గుండును గదిలోకి నొక్కి తీసి కొలిస్తే, కొన్ని నకళ్ళలో గది మూతి బారెల్ గాళ్ళ వ్యాసం కంటే సన్నగా ఉంటుంది, గురి అందుకే కుదరదు. గదులను రీమరుతో పెద్దవి చేస్తే గురి మెరుగుపడుతుందన్నది నిజం. కానీ 1860 నమూనాను అంతకుముందున్న 36 కాలిబర్ కోల్ట్ నేవీ రివాల్వర్ ఫ్రేము మీదే కట్టారు. సిలిండర్ ముందు భాగం మాత్రం లావు చేసి, వెనక భాగాన్ని పాత కొలతకే ఉంచారు. గడియ పడే గాళ్ళు ఆ సన్నని వెనక భాగంలో, దాదాపు గది గోడ మీదే ఉన్నాయి. అక్కడ మిగిలిన లోహం చాలా తక్కువ. ఆ పని అక్కడి లైసెన్సు ఉన్న నిపుణుడికి ఇవ్వండి. ఇత్తడి ఫ్రేముల నకళ్ళు ఉంటే వాటిలో తక్కువ మందే వాడాలి. ఎక్కువైతే ఫ్రేము సాగుతుంది. బ్లాక్ పౌడర్, లేదా దాని బదులుగా ప్రత్యేకంగా అమ్మేది తప్ప పొగ రాని మందు ఎంత కొంచెమైనా వీటిలో పోయకూడదు.

శుభ్రం చేయడం సగం మరమ్మతు. మందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలికి ఇనుము ఏమవుతుందో చూసినవారికి ఇది వేరే చెప్పాలా? పేల్చిన రోజే వేడినీళ్ళు, సబ్బుతో గదులు, బారెల్, నిపుళ్ళు కడిగి, వేడిగా ఉండగానే ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. మామూలు ఇంజను నూనె ఆ మసితో కలిస్తే తారులా గట్టిపడుతుంది. కోనసీమ కొబ్బరినూనె వాడదామని మీకు అనిపించవచ్చు. తేనెమైనంతో కలిపి గుండు మీద పూయడానికి అది బాగానే ఉంటుంది. లోపలి భాగాలకు మాత్రం వద్దు. ఇరవై నాలుగు డిగ్రీల దిగువన అది గడ్డకడుతుంది, జనవరిలో టెక్సాస్ గరాజులో హ్యామర్ కదలడమే బరువవుతుంది.

మీరు వెంట తీసుకుపోవలసింది ఫీలర్ గేజి, వెర్నియర్, మీ చేతికి అలవాటైన సన్నని సానరాళ్ళు, అంతే. అవి చెక్ ఇన్ సామానులో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో విరిగిన స్ప్రింగు, పాత నిపుల్, అరిగిన చేయి లాంటివి నమూనా కోసమని కూడా పెట్టెలో వేయకండి. మందు, క్యాపులు విమానంలో చేతి సంచిలోనే కాదు, చెక్ ఇన్ సామానులోనూ నిషిద్ధం, ఒక్క క్యాపు జేబులో మిగిలినా ఇబ్బందే. బయలుదేరే ముందు అక్కడ పనిలో వేసుకున్న చొక్కా జేబులు ఒకసారి వెతుక్కోండి.